ఆహార భద్రత లెక్కలు: గోదాం అంకెకూ కంచం అంకెకూ మధ్య ఏముంది?

మన దేశంలో ఒక్కో మనిషికి రోజుకు అందుబాటులో ఉన్న తిండిగింజలు 2001లో 416.2 గ్రాములు. 2002లో 494.1 గ్రాములు. కేంద్రం ఏటా విడుదల చేసే ఆర్థిక సర్వే పట్టికలో ఒకదాని కింద ఒకటి ఉన్న అధికారిక అంకెలివి. ఒక్క ఏడాదిలో 78 గ్రాములు పెరిగాయంటే ప్రతి ఇంట్లోనూ మనిషికో గుప్పెడు గింజలు అదనంగా ఉడికి ఉండాలి. దేశంలో అలాంటిదేమీ జరగలేదు. మరి ఆ 78 గ్రాములు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఈ అంకెను తలసరి నికర లభ్యత అంటారు. దాన్ని లెక్కగట్టే పద్ధతి చూస్తే జవాబు దొరుకుతుంది. మొత్తం ఉత్పత్తిలో విత్తనానికీ, పశువుల దాణాకూ, వృథాకూ కలిపి 12.5 శాతం తీసేస్తారు. మిగిలిన 87.5 శాతం నికర ఉత్పత్తి. దానికి దిగుమతులు కలిపి ఎగుమతులు తీసేస్తారు. ఆ ఏడాది ప్రభుత్వ గోదాముల్లో నిల్వ పెరిగితే ఆ పెరుగుదలను తీసేస్తారు, తరిగితే ఆ తరుగును కలుపుతారు. వచ్చినదాన్ని జనాభాతోనూ 365తోనూ భాగిస్తారు. అంతే.

ఇప్పుడు 2001 లెక్క వేద్దాం. నికర ఉత్పత్తి 1,722 లక్షల టన్నులు. నికర ఎగుమతులు 29 లక్షలు. గోదాముల్లోకి అదనంగా చేరింది 123 లక్షలు. మిగిలింది 1,570 లక్షల టన్నులు. మరుసటి ఏడాది నికర ఉత్పత్తి 1,862 లక్షలు, ఎగుమతులు 67 లక్షలు, గోదాముల్లోంచి బయటికి వచ్చింది 99 లక్షలు. మొత్తం 1,894 లక్షల టన్నులు. నిల్వల వరుస ఒక ఏడాది మైనస్ 123, మరుసటి ఏడాది ప్లస్ 99. ఈ రెండింటి మధ్య తేడా 222 లక్షల టన్నులు. అప్పటి జనాభాకు పంచితే రోజుకు సుమారు 58 గ్రాములు. అంటే పెరిగిన 78 గ్రాముల్లో ముప్పావు వంతు గోదాం తలుపు దగ్గర పుట్టినదే.

అలాగని ఈ అంకె పనికిరాదని కాదు. అది చెప్పేదేమిటో తెలుసుకుని వాడాలి. పంట ఎంత, ఓడరేవులో ఎంత, సర్కారు గోదాంలో ఎంత అనే మూడింటికీ అది లెక్క చెబుతుంది. ఆ తర్వాత ఎవరు తిన్నారో చెప్పదు. వ్యాపారి గిడ్డంగిలో, రైతు గాదెలో ఉన్న నిల్వ దాని కంటికి కనబడదు. రైతు అమ్మకుండా ఉంచుకున్నా, వ్యాపారి కొని దాచినా, సూత్రం దృష్టిలో జనం తినేసినట్టే.

ఇప్పటి జనాభాకు సరిపడే ఒక చేతి లెక్క గుర్తుంచుకుంటే వార్తలు చదవడం తేలికవుతుంది. 140 కోట్ల మందికి రోజుకు 10 గ్రాములంటే ఏడాదికి సుమారు 51 లక్షల టన్నులు. 2022-23లో మనం ఎగుమతి చేసిన బియ్యం సుమారు 223 లక్షల టన్నులు, అంటే తలకు 44 గ్రాములు. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి మరుసటి ఏప్రిల్ 1కి కేంద్రం గోధుమ నిల్వ 189.90 లక్షల టన్నుల నుంచి 83.45 లక్షలకు పడింది. సూత్రం ప్రకారం ఇది తలకు 21 గ్రాముల అదనపు లభ్యత! నిల్వ కరిగిపోవడం ఈ పట్టికలో సమృద్ధిలా కనిపిస్తుంది. అందుకే లభ్యత పెరిగిందన్న వార్త చూసినప్పుడు ముందు అడగాల్సింది పంట పెరిగిందా, నిల్వ తరిగిందా అని.

ఆ 12.5 శాతం సంగతి

ఈ మినహాయింపు దశాబ్దాలుగా మారలేదు. జొన్న, సజ్జ, వరి మనుషులే తిన్న రోజుల్లో అది ఓ మోస్తరు అంచనా. ఇప్పుడు తిండిగింజల ఉత్పత్తిలో మొక్కజొన్న వాటా చిన్నది కాదు. 2023-24లో అది 376.65 లక్షల టన్నులు. అందులో అత్యధిక భాగం కోళ్ల దాణాకూ, పిండిపదార్థాల పరిశ్రమకూ, ఈమధ్య ఇథనాల్‌కూ పోతుంది. కోళ్ల పరిశ్రమ పెద్ద ఎత్తున ఉన్న మన రెండు రాష్ట్రాల్లో ఈ సంగతి ఎవరికీ కొత్త కాదు. అయినా జాతీయ పట్టికలో ఆ మొక్కజొన్నలో 87.5 శాతం మనుషుల తిండిగానే లెక్కకొస్తుంది.

వృథా విషయంలో మాత్రం పొరపాటు రెండోవైపు ఉంది. కోత నుంచి నిల్వ దాకా ధాన్యాల నష్టం 3.89 నుంచి 5.92 శాతం మధ్య ఉందని 2022లో నాబార్డు అనుబంధ సలహా సంస్థ నాబ్‌కాన్స్ చేసిన అధ్యయనం తేల్చింది. పప్పుధాన్యాల్లో 5.65 నుంచి 6.74 శాతం. వరి, గోధుమలకు 12.5 శాతం కాస్త ఎక్కువే తీసేసినట్టు, మొక్కజొన్నకు చాలా తక్కువ తీసేసినట్టు. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొంత కప్పిపుచ్చుతాయి కానీ ఎంతమేరకో ఏటా మారుతుంది.

ఇథనాల్‌ది ఇంకో తమాషా. 2024-25 ఇథనాల్ సరఫరా సంవత్సరానికి ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) నిల్వల్లోంచి 52 లక్షల టన్నుల బియ్యాన్ని డిస్టిలరీలకు కేటాయించారు. తలకు పది గ్రాములన్నమాట. ఆ బియ్యం గోదాం దాటితే నిల్వ తరుగుతుంది. పై సూత్రాన్ని యథాతథంగా వాడితే అది జనానికి అందిన తిండి కింద జమవుతుంది.

మొత్తం అంకె లోపలి మార్పులనూ దాచేస్తుంది. పప్పుల తలసరి లభ్యత 1961లో రోజుకు 69 గ్రాములు. 2001కి 30 గ్రాములకు పడిపోయింది. 2011కి 43కి కోలుకుంది. హరిత విప్లవం గోధుమను, వరిని పైకి లేపిన కాలంలోనే పప్పు సగానికి పైగా తగ్గింది. తిండిగింజలు అనే ఒకే మాట కింద కలిపి కూడితే ఈ సంగతి కనబడదు. అందుకే ధాన్యాలు, పప్పులు వేరువేరు వరుసల్లో చూడకుండా ఏ నిర్ణయానికీ రాకూడదు.

పంట అంకె ఎలా తయారవుతుంది

ఉత్పత్తి అంటే విస్తీర్ణాన్ని దిగుబడితో గుణించగా వచ్చేది. విస్తీర్ణం ఒకప్పుడు గ్రామ రెవెన్యూ రికార్డులైన అడంగల్, పహాణీల నుంచి వచ్చేది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు, తెలంగాణలో వ్యవసాయ విస్తరణ అధికారుల పంటల నమోదు ఆ పని చేస్తున్నాయి. దిగుబడి పంటకోత ప్రయోగాల నుంచి వస్తుంది. వరికైతే యాదృచ్ఛికంగా ఎంచిన పొలంలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పున తాడు కట్టి, ఆ మడి కోసి, నూర్చి, తూకం వేస్తారు. ఆ మడి 25 చదరపు మీటర్లు, హెక్టారు 10,000. అంటే మడి తూకాన్ని 400తో గుణించాలి. తూకంలో 100 గ్రాములు అటూ ఇటూ అయితే హెక్టారుకు 40 కిలోలు తేడా. మడి గట్టుకు ఆనుకుని ఉన్నా, తాడు కొద్దిగా పక్కకు జరిగినా, పచ్చి ధాన్యం తూకం వేసి ఆరుదల తరుగు సరిగా తీయకపోయినా ఇదే గుణకారం తప్పును కూడా 400 రెట్లు చేస్తుంది. వేల మడుల సగటులో చాలా తప్పులు ఒకదానికొకటి చెల్లిపోతాయి. అందరూ ఒకే వైపు తప్పు చేస్తే మాత్రం చెల్లవు.

2022 గోధుమ పంట ఈ విషయంలో మంచి పాఠం. ఆ ఫిబ్రవరి అంచనా 1,113.2 లక్షల టన్నులు. మార్చిలో వడగాలులు వచ్చాయి. గింజ పాలుపోసుకునే దశలో వేడి తగిలి ముడుచుకుపోయింది. మే అంచనా 1,064.1 లక్షలకు దిగింది. తుది అంకె సుమారు 1,077 లక్షలు. కాగితం మీద చూస్తే అంతకు ముందు ఏడాదికీ దీనికీ తేడా 20 లక్షల టన్నులకు మించలేదు. కానీ ప్రభుత్వ సేకరణ 433.44 లక్షల టన్నుల నుంచి 187.92 లక్షలకు కుప్పకూలింది. ఉక్రెయిన్ యుద్ధంతో బయట ధర పెరిగింది, క్వింటాలుకు 2,015 రూపాయల మద్దతు ధర కంటే వ్యాపారులు ఎక్కువిచ్చారు, రైతులు వాళ్లకే అమ్మారు. మే 13న కేంద్రం ఎగుమతులు నిషేధించింది. 2023 జూన్‌లో గోధుమపై నిల్వ పరిమితులు పెట్టి, ఎవరి దగ్గర ఎంతుందో వ్యాపారులు పోర్టల్‌లో ప్రకటించాలంది. ప్రైవేటు నిల్వ ఎంతో సర్కారుకే తెలియని పరిస్థితికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

పంట అంచనా ఒక్కటే చూసి కొరత ఉందో లేదో చెప్పకూడదు. ఉత్పత్తి, సేకరణ, మార్కెట్ ధర మూడింటినీ పక్కపక్కన పెట్టాలి. పంట పెరిగిందంటూనే ధర మద్దతు ధర పైన నిలబడి ఉంటే, సేకరణ లక్ష్యం అందకపోతే, ఆ పంట అంచనాను అనుమానించాల్సిందే. నా దృష్టిలో ధరను మించిన సాక్షి లేదు.

బఫర్ నిల్వ: తేదీ లేని అంకె దండగ

కేంద్ర నిల్వలు రికార్డు స్థాయిలో ఉన్నాయని వార్త వస్తుంది. రికార్డు ఏ తేదీకి? బఫర్ ప్రమాణాలు, అంటే కేంద్రం దగ్గర కనీసం ఉండాల్సిన నిల్వలు, ఏడాదికి నాలుగు తేదీలకు నాలుగు రకాలు. బియ్యం, గోధుమ కలిపి ఏప్రిల్ 1కి 210.40 లక్షల టన్నులు, జులై 1కి 411.20, అక్టోబరు 1కి 307.70, జనవరి 1కి 214.10. జులైలో ఎక్కువ ఉండటానికి కారణం, ఏప్రిల్ నుంచి జూన్ దాకా గోధుమ సేకరణ పూర్తయి గోదాములు నిండటం. జులైలో 300 లక్షల టన్నులుంటే లోటు, అంతే నిల్వ జనవరిలో ఉంటే మిగులు. ఈ ప్రమాణాల్లోనే 30 లక్షల టన్నుల గోధుమ, 20 లక్షల టన్నుల బియ్యం వ్యూహాత్మక నిల్వ. మిగిలింది రేషన్ నడపడానికి కావలసిన చేతి సరుకు.

రెండు సరుకులనూ కలిపి చెప్పే మొత్తం కూడా మోసం చేయగలదు. 2024 ఏప్రిల్ 1న గోధుమ నిల్వ 75.02 లక్షల టన్నులు. ప్రమాణం 74.60. అంటే ఒడ్డు అంచున. అదే రోజు బియ్యం ప్రమాణానికి ఎంతో మించి ఉంది. కలిపి చూస్తే దేశం నిశ్చింతగా ఉన్నట్టు. గోధుమ పిండి తినే రాష్ట్రాలకు బియ్యం మిగులు ఓదార్పు కాదు.

బియ్యం లెక్కలో ఇంకో మెలిక ఉంది. మిల్లర్ల దగ్గర మర ఆడించకుండా ఉన్న ధాన్యాన్ని (వడ్లను) ఎఫ్‌సీఐ నెలవారీ పట్టికలో విడిగా చూపిస్తారు. దాన్ని కలపాలనుకుంటే నేరుగా కూడకూడదు, 0.67తో గుణించి బియ్యంగా మార్చాలి. 100 టన్నుల ధాన్యానికి 67 టన్నుల పచ్చిబియ్యం అన్నది ప్రమాణం. కొందరు విశ్లేషకులు ధాన్యం కలిపి చెబుతారు, కొందరు వదిలేస్తారు. ఒకే నెలకు రెండు పత్రికల్లో రెండు అంకెలు కనిపించడానికి తరచుగా ఇదే కారణం. పైగా ఆ ధాన్యం సకాలంలో బియ్యమై గోదాంకు చేరుతుందన్న నమ్మకం మీద ఆ లెక్క నిలబడుతుంది. మర ఆడించి ఇవ్వాల్సిన బియ్యం గడువులు దాటడం తెలుగు రాష్ట్రాల్లో ఎవరూ వినని సంగతి కాదు.

ఎక్కువ నిల్వ ఎప్పుడూ మంచికే అనుకోవడమూ పొరపాటే. 2002 జులై 1న గోదాముల్లో 630 లక్షల టన్నులున్నాయి. అప్పటి ప్రమాణం 243 లక్షలు. రేషన్ ధరలు పెరిగి పేదలు కొనలేక, మద్దతు ధర పెరిగి సేకరణ ఉప్పొంగి ఆ గుట్ట పేరుకుంది. ముందే చూసిన 2001 నాటి 416 గ్రాముల వెనక ఉన్నది ఇదే. గోదాం నిండటానికీ కంచం వెలితి పడటానికీ కారణం ఒక్కటే కావచ్చు.

తిన్నది ఎంత

గోదాం వైపు నుంచి కాక ఇంటి వైపు నుంచి లెక్క మొదలుపెడితే వేరే అంకె వస్తుంది. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం గ్రామాల్లో మనిషి నెలకు 9.61 కిలోల ధాన్యాలు, పట్టణాల్లో 8.05 కిలోలు తింటున్నాడు. రోజుకు 320, 268 గ్రాములు. పప్పులు తీసేసినా లభ్యత అంకె ఇంతకంటే బాగా ఎక్కువ. ఆ తేడాలో హోటల్లో తిన్న ఇడ్లీ, బిస్కెట్లు ఉన్నాయి, సర్వే వాటిని ధాన్యాల్లో కాక వేరే పద్దులో రాస్తుంది. కోళ్లు తిన్న మొక్కజొన్న ఉంది. డిస్టిలరీ ఉంది. ప్రైవేటు నిల్వ ఉంది. సర్వేలో మర్చిపోయి చెప్పనివీ ఉన్నాయి.

చౌక దుకాణాలకు విడుదలైన బియ్యం, గోధుమలకూ, అందుకున్నామని ఇళ్లు చెప్పినదానికీ ఉన్న తేడా పట్టుకునే పక్కదారి పట్టిన రేషన్ ఎంతో లెక్క కడతారు. 2022-23కి ఆ తేడా 28 శాతం, సుమారు 2 కోట్ల టన్నులని ఢిల్లీలోని ఇక్రియర్ పరిశోధన సంస్థవాళ్లు 2024లో లెక్కగట్టారు. ఇది నేరుగా పట్టుకున్న దొంగతనం కాదు, రెండు మూలాల మధ్య తీసివేత. రేషన్ బియ్యాన్ని కార్డుదారే అమ్మేస్తే అది కూడా ఇందులోకే వస్తుంది. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇవ్వడం ఈ కోణంలోంచి చూడదగ్గ ప్రయోగం. తినే బియ్యం ఇస్తే అమ్మేది తగ్గుతుందా అన్నది తరువాతి సర్వేలో ఇదే తీసివేత చేస్తే తెలుస్తుంది.

అదే సర్వే ఇచ్చే మరో సూచిక ఖర్చులో తిండి వాటా. ఆదాయం పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది. గ్రామాల్లో 1999-2000లో 59.4 శాతం. 2022-23లో 46.38. ధాన్యాల వాటా ఇంకా వేగంగా, 22 శాతం నుంచి 4.91కి పడింది. ఉచిత, చౌక బియ్యం దీనికి ఒక కారణం, తిండి మారడం ఇంకో కారణం. 2023-24లో గ్రామాల తిండి వాటా 47.04కి కొద్దిగా లేచింది. ఆ ఏడాది కూరగాయలు, పప్పుల ధరలు గుర్తున్నవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు. 2011-12తో పోల్చేటప్పుడు మాత్రం నిదానం. 2022-23లో ఒకే ఇంటికి మూడుసార్లు వెళ్లి మూడు ప్రశ్నపత్రాలతో అడిగారు, వస్తువుల జాబితా మారింది. తేడాలో కొంత జీవితంలో వచ్చింది, కొంత ప్రశ్నపత్రంలో వచ్చింది.

ధరల సూచీ, కూలి కొలత

వినియోగదారుల ధరల సూచీ పాత శ్రేణిలో (2012 ధరలను 100గా తీసుకుని కట్టినది) ఆహార పానీయాల బరువు, అంటే సూచీలో వాటా, 45.86 శాతంగా ఉండేది. గ్రామాలకు 54.18, పట్టణాలకు 36.29. ఒకే దేశంలో కూరగాయల ధర పెరిగితే పల్లెకూ పట్నానికీ తగిలే దెబ్బ వేరన్నది ఈ రెండు అంకెల్లోనే ఉంది. 2023 జులైలో టమాటా ధర ఏడాది మీద మూడింతలైంది. మొత్తం సూచీలో టమాటా బరువు 0.57 శాతమే. అయినా ఒక్క ఆ కూరగాయే మొత్తం ద్రవ్యోల్బణానికి సుమారు ఒక శాతం పాయింటు తోడు చేసింది. ఆ నెల మొత్తం ద్రవ్యోల్బణం 7.44, ఆహార ద్రవ్యోల్బణం 11.51 శాతం.

మరుసటి జులైలో ఆహార ద్రవ్యోల్బణం 5.42కి తగ్గింది. తగ్గింది పెరుగుదల వేగం, ధర కాదు. రెండేళ్లూ కలిపి గుణిస్తే 1.1151ని 1.0542తో, అంటే 17.55 శాతం పెరుగుదల. 2022లో 100 రూపాయలకు వచ్చిన సంచికి 2024లో 117.55 కావాలి. కూలి అంతే పెరిగిందా అన్నది అసలు ప్రశ్న, ధరల సూచీ దానికి జవాబివ్వదు.

అందుకే పాత కాలపు కొలత ఒకటి ఇప్పటికీ పనికొస్తుంది: ఒక రోజు కూలికి ఎన్ని కిలోలు? 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి 307 రూపాయలు. బియ్యం కిలో 50 అయితే ఆరు కిలోలు. కందిపప్పు కిలో 120 ఉంటే రెండున్నర కిలోలు, 180కి పోతే 1.7 కిలోలు. ఈ భాగహారం నెలనెలా రాసుకుంటే ఊరి స్థాయిలో ఆహార అందుబాటు గురించి జాతీయ సూచీ కంటే ముందే కబురు అందుతుంది. 1943 బెంగాల్ కరువులో తిండిగింజల సరఫరా 1941 కంటే ఎక్కువేనని అమర్త్యసేన్ చూపించాడు. చచ్చిపోయినవాళ్లకు కొనే శక్తి పోయింది. కూలి, బియ్యం నిష్పత్తి కూలిపోవడం ఆ రోజుల్లో ఎవరైనా రాసి ఉంటే కనబడేది.

ఆకలి సూచీని మీరే లెక్కగట్టండి

ప్రపంచ ఆకలి సూచీ వచ్చిన ప్రతి అక్టోబరులోనూ గొడవే. ఆ గొడవలోకి దిగేముందు కాగితం మీద ఐదు నిమిషాల పని చేస్తే సరి. అందులో నాలుగు అంకెలుంటాయి. ఒక్కోదాన్నీ ఒక గరిష్ఠ విలువతో భాగించి 100తో గుణిస్తారు. పోషకాహార లేమికి (చాలినంత ఆహార శక్తి అందనివారి శాతానికి) ఆ గరిష్ఠం 80, ఐదేళ్లలోపు పిల్లల మరణాలకు 35, వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడానికి 70, ఎత్తుకు తగ్గ బరువు లేకపోవడానికి 30. మొదటి రెండింటికీ మూడో వంతు చొప్పున, చివరి రెండింటికీ ఆరో వంతు చొప్పున స్కోరులో వాటా.

2024లో భారత్ అంకెలు వరుసగా 13.7, 2.9, 35.5, 18.7 శాతం. ఆ వాటాలు వేశాక లేమి నుంచి 5.71, మరణాల నుంచి 2.76, ఎత్తు లోపం నుంచి 8.45, బరువు లోపం నుంచి 10.39. మొత్తం 27.3. 127 దేశాల్లో 105వ స్థానం. ఇప్పుడు ఒక ఊహ చేయండి. దేశంలో ఆహార శక్తి లేమి పూర్తిగా సున్నా అయిందనుకుందాం. స్కోరు 21.6. అప్పటికీ 20 నుంచి 34.9 దాకా ఉండే తీవ్రమైన స్థితి గడిలోనే ఉంటాం! స్కోరులో దాదాపు 70 శాతం పిల్లల ఎత్తు, బరువుల నుంచే వస్తోంది. నాలుగింటిలో మూడు పిల్లల ఆరోగ్యానికి చెందినవే, దీన్ని ఆకలి అనడమేమిటని కేంద్రం అభ్యంతరం. పేరు గురించి ఆ అభ్యంతరం సగం న్యాయమే. బక్కచిక్కిన పిల్లల శాతం గురించి మాత్రం అది ఏ జవాబూ కాదు.

స్థానాన్ని ఏడాదికేడాది పోల్చడం దండగ. 2023లో 125 దేశాలు, 2024లో 127. మూల దత్తాంశాలు వెనక్కి వెళ్లి సవరిస్తారు. ఒకే నివేదికలో ఇచ్చిన పాత సంవత్సరాల స్కోర్లతో మాత్రమే పోల్చాలి.

ఆకలి సూచీలోని మొదటి అంకె, పోషకాహార లేమి, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓది. అది ఎవరినీ ఆకలిగా ఉన్నావా అని అడగదు. దేశానికి అందిన ఆహారం లెక్క చెప్పే ఆహార తుల్య పట్టిక నుంచి సగటు శక్తి, గృహ సర్వే నుంచి పంపిణీలో హెచ్చుతగ్గులు, జనాభా వయసు, ఎత్తులను బట్టి కనీస అవసరం తీసుకుని, ఆ అవసరం కింద ఎంతమంది పడతారో గణితంతో అంచనా వేస్తుంది. 2017-18 వినియోగ సర్వే ఫలితాలను కేంద్రం పక్కన పెట్టడంతో చాలా ఏళ్లు 2011-12 తర్వాత సర్వేయే లేదు. మధ్యలో హెచ్చుతగ్గులు ఎలా మారాయో ఊహించాల్సి వచ్చింది.

ఎఫ్‌ఏఓకే చెందిన ఎనిమిది ప్రశ్నల ఆహార అభద్రత కొలమానం మనుషులను నేరుగా అడుగుతుంది: తిండి గురించి దిగులు పడ్డారా, పూట మానేశారా, రోజంతా పస్తున్నారా అని. పద్ధతి మంచిది. భారత్‌లో సుమారు 3,000 మంది నమూనా అన్నదే చిక్కు. జాతీయ సగటుకు అది చాలొచ్చు, రాష్ట్రాల గురించి అది ఏమీ చెప్పలేదు. ఇదే కుటుంబంలో ఆరోగ్యకరమైన భోజనం కొనలేనివారి శాతం అనే సూచిక ఉంది. 2023 నివేదికలో భారత్‌కు 74.1 శాతం, 2024 నివేదికలో 55.6. ఒక్క ఏడాదిలో పాతిక కోట్ల మంది స్థితి బాగుపడలేదు. ప్రధానంగా లెక్క పద్ధతి, కొనుగోలు శక్తి మారక విలువలు మారాయి.

వరి పెరిగిన చోట పిల్లల ఎత్తు

సరఫరా సూచికకూ పోషణ సూచికకూ మధ్య దూరం చూడాలంటే తెలంగాణ కంటే దగ్గరి ఉదాహరణ లేదు. ప్రభుత్వ ధాన్యం సేకరణ 2014-15లో సుమారు 24 లక్షల టన్నులు, 2018-19లో సుమారు 77 లక్షలు. అదే కాలంలో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో 28 శాతం, ఐదో విడతలో 33.1 శాతం. ఎత్తుకు తగ్గ బరువు లేనివారు 18 నుంచి 21.7 శాతానికి పెరిగారు. ఐదో విడత పని తెలంగాణలో 2019లోనే ముగిసింది కాబట్టి కొవిడ్‌ను కారణంగా చూపలేం. ఆంధ్రప్రదేశ్‌లో ఐదో విడత అంకెలు 31.2, 16.1. రక్తహీనత ఉన్న మహిళలు రెండు రాష్ట్రాల్లోనూ 57 శాతం పైనే.

ధాన్యం సేకరణ రైతు ఆదాయానికి కొలత. పిల్లల ఎత్తు మీద పనిచేసేవి తల్లి రక్తహీనత, తొలి వెయ్యి రోజుల తిండిలో పప్పు, గుడ్డు, పాలు, నీళ్ల శుభ్రత, అతిసారం. వరి ఎంత పండినా అవి వాటంతటవే మారవు. ఆహార భద్రత చట్టం ప్రకారం రేషన్‌లో మనిషికి వచ్చే నెలకు 5 కిలోలు రోజుకు 166 గ్రాములు, పల్లెల్లో తినే ధాన్యంలో సగం. శక్తి లెక్కలో అది పెద్ద సాయం. మాంసకృత్తులు, ఇనుము లెక్కలో చిన్నది.

స్వయంసమృద్ధి నిష్పత్తి గురించి ఒక్క మాట చాలు. దిగుమతిని ఉత్పత్తి ప్లస్ దిగుమతి మైనస్ ఎగుమతితో భాగిస్తే వచ్చేది ఆధారపడే శాతం. బియ్యానికి అది సున్నా. 2022-23లో వంటనూనెకు 57. పప్పుల దిగుమతి 2024-25లో సుమారు 72.5 లక్షల టన్నులకు చేరింది, సరఫరాలో ఐదో వంతుకు పైన. బియ్యంలో సున్నా అన్నదాంట్లోనూ ఒక లొసుగుంది: ఆ వరికి వేసే పొటాష్ మొత్తం విదేశాలదే, అది ఈ నిష్పత్తిలో కనబడదు.

ప్రపంచ మార్కెట్‌కైతే నిల్వకూ వినియోగానికీ నిష్పత్తి చూస్తారు. 1974 నాటి నుంచి 17-18 శాతం భద్రమైన హద్దుగా ఎఫ్‌ఏఓ చెబుతోంది. ప్రపంచ గోధుమ నిల్వలో దాదాపు సగం చైనా దగ్గరుంది, అది బయటికి రాదు. కాబట్టి చైనాను తీసేసి, ఎగుమతి చేసే దేశాల నిల్వను మాత్రమే లెక్కగట్టి చూడటం మేలు. బియ్యం విషయంలో ప్రపంచ వర్తకంలో 40 శాతం దాకా మనదే. 2023 జులై 20న బాస్మతీయేతర తెల్లబియ్యం ఎగుమతి నిషేధించినప్పుడు ఆ బియ్యం కొనుక్కునే దేశాల ఆహార భద్రత సూచికలు కదిలింది మన నిర్ణయంతోనే.

ఇన్ని తలసరి అంకెల కింద ఉన్న జనాభా మాత్రం 2011 జనగణన మీద కట్టిన అంచనా. ఆహార భద్రత చట్టం కింద రేషన్ పొందే 81.35 కోట్ల పరిమితి కూడా ఆ జనగణన లెక్కే. 140 కోట్లలో ఒక శాతం తప్పితే 1.4 కోట్ల మంది. తలసరి లభ్యత 500 గ్రాముల దగ్గర 5 గ్రాములు కదులుతుంది, అంటే పాతిక లక్షల టన్నుల గింజలకు సమానమైన తేడా. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరిగే జనగణన ఫలితాలు వచ్చాక గత పదిహేనేళ్ల తలసరి వరుసలన్నీ వెనక్కి వెళ్లి మారతాయి. కొత్త పట్టికలోని అంకెను పాత పట్టికలోని అంకెతో పోల్చి పెరిగింది, తగ్గింది అనే వార్తలు అప్పుడు బోలెడు వస్తాయి.